క్యారియర్ తెప్పించుకునే కవి

నిరాశ్రయుల వసతి గృహంలో ఉంటున్న కాశీనాథానికి రోజూ మధ్యాహ్నం ఇంటి నుంచి నాలుగు గిన్నెల క్యారియర్ వస్తుంది. సిద్దిపేటలో బట్టల దుకాణం నడిపే ఈ కవి, ఇల్లు లేనివాళ్ల మీద కవితలు రాయడానికి నెల రోజులు అక్కడే ఉంటానని ఒక సాహిత్య సంస్థకు ఒప్పుకున్నాడు. ముప్పై రోజులూ ఉంటేనే వాళ్లు పుస్తకం వేస్తారు.

పక్క మంచం మల్లేశం గొడుగులు బాగుచేస్తాడు. కవితల కోసం ఎవరైనా ఇల్లు విడుస్తారంటే అతను నమ్మలేదు. భార్యే వెళ్లగొట్టిందనుకున్నాడు. తొమ్మిదో రోజు వసతి గృహంలోని ఇంకో ఇద్దరిని పెద్దమనుషులుగా వెంటబెట్టుకుని పంచాయితీకి కాశీనాథం ఇంటికి వెళ్లాడు. సంగతి తెలిసి కాశీనాథం వెనకాలే పరిగెత్తాడు.

"అక్కా, తప్పు ఎవరిదన్న గానీ, మనిషి సగమైండు. ఇంట్లకు రానియ్యి," అన్నాడు మల్లేశం.

కాశీనాథం భార్య పద్మమ్మ అందరికీ చాయ్ ఇచ్చింది. "నాలుగు గిన్నెలు తిని సగమైండా?"

"అండ్ల మూడు మేమే తింటున్నమక్కా."

"నేను పుస్తకం కోసం పోయిన, మల్లేశం!" అన్నాడు కాశీనాథం.

"నువ్వు ఊకో సేటూ, పెద్దమనుషులం మాట్లాడుతున్నం గదా."

"సరే, మీ మాట ఎందుకు కాదనాలె? ఈ పూటనే రమ్మను," అంది పద్మమ్మ. "రేపటి సంది క్యారియర్ బంద్."

కాశీనాథం ముఖం మాడిపోయింది. మల్లేశం చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"గంత తొందరేందక్కా? పుస్తకం పని నడుమల ఇడిసిపెడితే మంచిగుంటదా?"

నలుగురూ కలిసే వసతి గృహానికి తిరిగొచ్చారు. ఇంకా ఇరవై ఒక్క రోజులున్నాయి.