ధర్మవరంలో మూగబోయిన కంప్యూటరు

అక్క ఉద్యోగం, అక్క అత్తగారి మర్యాద, నా డిప్లొమా. ఈ మూడింటినీ మూడే మూడు గంటల్లో గంగలో కలపడం ఎలాగో తెలుసుకోవాలనుకునేవాళ్లు కాస్త సర్దుకుని కూర్చోండి. నేను చేసి చూశాను. పైగా పద్ధతిగా, కాగితం మీద వరుస అంకెలు వేసుకుని మరీ చేశాను.

ముందు నా జబ్బు గురించి చెప్పాలి. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివినవాణ్ణి. ఏ పనికైనా జాబితా రాసుకోనిదే నాకు చెయ్యి ఆడదు. పెళ్లిభోజనానికి పోతే ఏది ముందు తినాలో, ఏది తర్వాత తినాలో కూడా రాసుకుంటానని మా అమ్మ పెనుకొండంతా చెప్పి తిరుగుతుంది. అది అబద్ధం. ఒక్కసారే రాసుకున్నాను.

మా అక్క భారతిని ధర్మవరంలో ఇచ్చాం. పట్టుచీరల వ్యాపారం చేసే ఇల్లు. కింద గదిలో రెండు మగ్గాలు ఆడుతుంటాయి, పైన కాపురం. అక్క లెక్కల్లో ఎమ్మెస్సీ చేసింది. పెళ్లయిన నాలుగేళ్లకు, పిల్లలకు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పించే ఒక కంపెనీవాళ్లు ఆమెను పరీక్ష క్లాసుకు పిలిచారు. శుక్రవారం పదకొండు గంటలకు. కంప్యూటర్ మీదే చెప్పాలి, ఫోనుతో చేరితే కుదరదని షరతు పెట్టారు.

వాళ్ల షరతు కన్నా అక్క అత్తగారి షరతు గట్టిది. "ఇంట్లో కూర్చొని చేసే పనైతే సరేలే. ఒక్కసారి చూద్దాం. కుదరకుంటే మళ్లా ఈ మాట ఎత్తొద్దు" అందట ఆవిడ. అక్క ఆ మాటను ఫోన్‌లో నాకు రెండుసార్లు చెప్పింది.

"కంప్యూటర్ సంగతి నాకొదిలెయ్యి" అన్నాను. ఇలాంటి మాటలు అనేటప్పుడు నాలుక ఎంత తేలిగ్గా తిరుగుతుందో మీకూ అనుభవమే కదా.

హిందూపురంలో ఒక ఆఫీసువాళ్లు పాత కంప్యూటర్లు తీసేస్తుంటే అందులో మంచిది ఏరి కొన్నాను. పెనుకొండలో ఇంటికి తెచ్చి, ఇరవై రెండు అంశాల జాబితా ప్రకారం పరీక్షించాను. అన్నింటికీ టిక్కు పడింది. గురువారం దాన్ని దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని ధర్మవరం బండెక్కాను. పక్కసీటు పెద్దావిడ కాసేపు చూసి, దుప్పటి అంచు పైకెత్తుతూ, "ఇట్ల కప్పితే బిడ్డకు ఊపిరాడేదెట్లప్పా" అంది. లోపల ఇనప డబ్బా చూసి, స్టేషన్ వచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

ఆ సాయంత్రమే పైగదిలో అంతా బిగించాను. తెరపైన కెమెరా, వెనకవైపు స్పీకర్లు. పాట పెట్టాను. ఖంగుమని మోగింది. కింద మగ్గం నేస్తున్నవాళ్లు కూడా పని ఆపి విన్నారు. మా బావ రమణ నా భుజం తట్టి, "ఇంజనీరంటే ఏమో అనుకొంటిని గానీ, పనికొచ్చేటోడివేనప్పా" అన్నాడు. ఆ రాత్రి నిద్రపోయినంత హాయిగా ఆ తర్వాత నెలరోజులు పోలేదు.

శుక్రవారం ఎనిమిదింటికి కాఫీ తాగి, ఒకసారి సరిచూద్దామని పాట పెట్టాను. శబ్దం లేదు. తెర మీద పాట నడుస్తోంది, పాడేవాడు నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. చెరువులోంచి తీసి గట్టున పడేసిన చేపలా ఉన్నాడు.

"ఏమిరా, సౌండు రాలేదు?" అంది అక్క.

"ఉండు, జాబితా ఉండాది" అన్నాను.

మొదటి అంశం, కరెంటు. ఉంది. రెండు, స్పీకర్ల వైరు. గట్టిగానే ఉంది. మూడు, వాల్యూమ్. నిండుగా ఉంది. నాలుగు, కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టడం. పెట్టాను. అయిదు, ఆరు, ఏడు కూడా అయ్యాయి. ఏ ఒక్కటీ పలకలేదు. నా వెనక నిలబడి పళ్లు తోముకుంటున్న బావ, తెర మూలన కనిపిస్తున్న చిన్న బొమ్మను బ్రష్షుతో చూపించి, "ఇది చెవుల్లో పెట్టుకునేదాని బొమ్మ కదప్పా? నిన్న లేకుండె" అన్నాడు.

"అది పదిహేడో అంశం బావా. ఇప్పుడు ఎనిమిదిలో ఉన్నాం."

అర్థమైంది కదా నా పరిస్థితి. ఇల్లు తగలబడుతుంటే, నీళ్లబకెట్టు వంతు పదిహేడోదని కూర్చునే రకం. ఎనిమిది నుంచి పదహారు దాకా చేసి, తొమ్మిదింటికి పదిహేడుకు వచ్చాను. కంప్యూటరు తన ముందువైపు రంధ్రంలో ఎవరో ఇయర్‌ఫోన్ గుచ్చారనుకుంటోంది. అందుకే వెనకున్న స్పీకర్లను మూసేసి, శబ్దమంతా ఆ లేని ఇయర్‌ఫోన్‌కే పంపుతోంది. వంగి చూశాను.

డబ్బా ముందు భాగంలో పక్కపక్కనే రెండు గుండ్రటి రంధ్రాలు ఉంటాయి, ఒకటి ఇయర్‌ఫోన్‌కు, ఒకటి మైకుకు. రెండింటినిండా గంధం. దానిమీద కుంకుమ. అందంగా, ఇంత కూడా పక్కకు పోకుండా, బొట్టు కోసమే చేసిన గుంటల్లా నింపి ఉన్నాయి. పక్కనే పలకగా ఉన్న రంధ్రాలను మాత్రం ముట్టుకోలేదు. గుండ్రంగా లేవు కాబట్టి అవి బొట్టుకు పనికిరావనుకున్నారు కాబోలు.

కొత్త వస్తువు ఇంటికొచ్చింది, అందులోనూ శుక్రవారం. తెల్లవారుజామునే అత్త పూజ చేసేసింది.

అప్పుడు ఆవిడ నా పక్కనే నిలబడి ఉంది. "ఏమైందప్పా?" అంది.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. అంతకుముందు ఏడాది ఫ్రిజ్ తుడుస్తూ అక్క దానిమీది బొట్టు తుడిచేసిందట. ఆ ఇంట్లో మూడు రోజులు ఎవరూ ఎవరితో మాట్లాడుకోలేదట. ఇప్పుడు నేను, ఆడబిడ్డను ఇచ్చిన ఇంటినుంచి వచ్చినవాణ్ణి, అత్తా మీ పూజవల్లే ఇది పాడైంది అంటే? అది కూడా ఉద్యోగం వస్తుందో రాదో తేలే రోజున? అత్త వెనకనుంచి అక్క నన్నే చూస్తోంది. నోరు మూసుకో అని కళ్లతో ఎంత గట్టిగా చెప్పవచ్చో అంత గట్టిగా చెప్పింది.

"ఏం లేదత్తా. కొంచెం దుమ్ము పడిండాది" అన్నాను.

ప్రపంచంలో ఉన్న అబద్ధాలన్నీ వదిలేసి దీన్నే ఎందుకు ఏరుకున్నానో ఇప్పటికీ తెలియదు.

"దుమ్మా?" అంది అత్త. ఇల్లంతా ఒకసారి చూసింది. "మా ఇంట్లో?"

బావ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని మేడ దిగి వెళ్లిపోయాడు. నవ్వు ఆపుకోవడానికి వెళ్లాడని మెట్ల మీది దగ్గు చెప్పింది. అక్క నుదురు పట్టుకుంది. అత్త కొంగు బిగించి, చీపురందుకుంది. తర్వాత ముప్పావుగంట ఆ ఇల్లు పడిన కష్టం కదిరి తేరు రోజున కూడా ఏ ఇల్లూ పడి ఉండదు. మంచాలు జరిగాయి. అటకమీది గుండిగలు దిగాయి. ఫ్యాను రెక్కలు తుడిచారు. నా కాళ్ల కింద మూడుసార్లు ఊడ్చింది. మూడోసారి కాళ్లు కూడా ఊడ్చింది.

ఆ సందడిలో నేను అగరుబత్తి పుల్లకు దూది చుట్టి, శానిటైజరులో ముంచి, దొంగలా కూర్చుని రెండు రంధ్రాలనూ శుభ్రం చేశాను. పాట మోగింది. జాబితాలో పదిహేడుకు టిక్కు పెట్టి, స్నానానికి వెళ్లాను.

ఈ కథలో నా అసలు తప్పు ఆ స్నానమే.

పదిన్నరకు తల తుడుచుకుంటూ వచ్చేసరికి అక్క స్పీకరుకు చెవి ఆనించి కూర్చుంది. "మళ్లా పోయిందిరా." వంగి చూశాను. ఇల్లంతా తుడుస్తూ వచ్చిన అత్త కంప్యూటర్ని కూడా తుడిచింది. బొట్టు చెరిగిపోయి ఉండడం గమనించింది. కోడలికి ముఖ్యమైన రోజున బోసిగా ఉంటే ఎలా అని మళ్లీ పెట్టింది. ఈసారి చెరిగిపోకుండా ఉండాలని గంధం కాస్త గట్టిగా తీసి, లోపలిదాకా అద్దింది.

పదకొండుకు ఇరవై నిమిషాలుంది. దూది చుట్టే తీరిక లేదు. దూది లేకుండా ఉత్త పుల్లనే లోపలికి పోనిచ్చి తిప్పాను. టప్ మంది. చేతిలో సగం పుల్ల మిగిలింది. మిగతా సగం ఇయర్‌ఫోన్ రంధ్రం అడుగున, గంధంలో దిగబడి కూర్చుంది.

ఇప్పటిదాకా కంప్యూటరు పొరబడి అనుకుంటోంది. ఇప్పుడు నిజంగానే అందులో ఏదో గుచ్చి ఉంది. గుచ్చింది నేను.

పిన్నీసు పెట్టాను, ఇంకా లోపలికి పోయింది. డబ్బా బోర్లించి తట్టాను, రాలేదు. సెట్టింగులు తెరిచాను, ఒకదానిమీద ఒకటి ఆరు కిటికీలు తెర అంతా పరుచుకున్నాయి. స్పీకర్లు మాత్రం కిక్కురుమనలేదు.

పదకొండుకు అయిదు నిమిషాలుందనగా, కంపెనీవాళ్లు వీడియోలో కలిశారు. తెర మూలన ఒక కళ్లద్దాల ఆయన, ఒక ఆవిడ. ఇద్దరూ నవ్వి, ఏదో అన్నారు. ఏమీ వినిపించలేదు. అక్క గబగబా, "సౌండ్ రావడం లేదు సార్, అయిదు నిమిషాలు" అని టైపు చేసి పంపింది. ఆయన చెయ్యి ఊపుతూ మళ్లీ ఏదో అన్నాడు. సరేనంటున్నాడనుకుని నేను కూడా మర్యాదగా చెయ్యి ఊపాను. ఆయన రెండు చేతులూ ఊపాడు. మంచి మనిషి అనుకుని నేనూ రెండు చేతులూ ఊపాను.

అప్పుడు అత్త వచ్చింది. కింద కూర్చున్న నన్ను, నా చేతిలోని విరిగిన పుల్లను, కన్నీళ్లు ఆపుకుంటున్న కోడల్ని చూసింది.

"ఇప్పుడన్నా నిజం చెప్తావా లేదా? మళ్లా దుమ్మేనా?"

"దుమ్ము కాదత్తా." విరిగిన పుల్ల చూపించాను. "మీరు బొట్టు పెట్టిండేది రంధ్రంలో. దానివల్ల శబ్దం ఆగిపోయిండాది. మీకు చెప్తే బాధపడతారని దాచినా. తీద్దామని పుల్ల పెడితే, విరిగి లోపల ఉండిపోయింది. తప్పంతా నాదే. అక్కను ఏమీ అనొద్దు."

అత్త వంగి ఆ రంధ్రాలకేసి చూసింది. ఆవిడ చూసినంతసేపట్లో నేను అక్కను పెనుకొండకు తిరిగి తీసుకుపోవడానికి ఏ బండి ఉందో కూడా ఆలోచించేశాను.

"ఏమప్పా," అంది చివరికి, "మగ్గానికి బొట్టు పెట్టేటప్పుడు చట్రానికి పెడతామా, పడుగు పోగుల మీద పెడతామా?"

"చట్రానికత్తా."

"పడుగు మీద పెడితే చీర పాడైపోతుందని నాకెవురూ చెప్పే పన్లేదు, చిన్నప్పట్నుంచి చూస్తాండా. ఇది మాత్రం నేను యాడ చూసినా? ఫలానా చోట వద్దత్తా అని ఒక్క మాట నిన్న అనింటే, ఆ డబ్బా నెత్తిన పెడుతుంటి కదా. అంత చదివినావు, ఒక్క మాట చెప్పేకి నోరు రాలేదా? దుమ్మంట, దుమ్ము."

కిందికి దిగి, తెగిన పోగును సందుల్లోంచి లాగడానికి మగ్గం దగ్గర పెట్టుకునే సన్నటి కొక్కెం తెచ్చింది. నన్ను మోచేత్తో పక్కకు జరిపింది. "టార్చి పట్టుకో. ఊపొద్దు. నీ చెయ్యి పట్టుకో ముందు, అది వణుకుతాండాది." కొక్కేన్ని లోపలికి పోనిచ్చి, ఊపిరి బిగబట్టి, నేసేవాళ్ల వేళ్లకు మాత్రమే తెలిసిన మెలికేదో తిప్పింది. పుల్ల, దాని వెంట గంధం ముద్ద, రెండూ బయటికి వచ్చాయి.

ఆ క్షణంలోనే స్పీకర్లు గదంతా దద్దరిల్లేలా పలికాయి. వాల్యూమ్ నిండుగా పెట్టింది నేనే కదా, మూడో అంశంలో.

కళ్లద్దాల ఆయన గొంతు: "అమ్మా, పుల్ల వచ్చేసిందా?"

నా చేతిలోని టార్చి తెరకేసి తిరిగింది.

మాకు వాళ్ల మాట వినిపించడం లేదు, నిజమే. వాళ్లకు మా మాట వినిపించదని ఎవరు చెప్పారు? కెమెరాలో ఉన్న మైకు వేరే తీగతో వెళ్తుంది. దానికి ఏ రంధ్రంతోనూ పని లేదు. డిప్లొమా చదివిన ప్రతివాడికీ తెలిసిన విషయమే. ఆయన పాపం చేతులు ఊపింది, మీ మాటలన్నీ మాకు వినబడుతున్నాయండీ అని చెప్పడానికి. టైపు చేసి కూడా పంపారు, నాలుగుసార్లు. అదంతా, అక్క టైపు చేసి పంపగానే నేను మళ్లీ ముందుకు తెచ్చిన ఆ ఆరు కిటికీల వెనక పడి ఉంది.

"వచ్చింది సార్" అంది అత్త తెర వైపు వంగి, కొంగు సర్దుకుంటూ. "మా కోడలు బాగా చెప్తుంది. వాడే, వాడి తమ్ముడే ఇట్లాంటోడు" అని కంగారులో అక్కను కూడా వాడు చేసేసింది.

అక్క భిన్నాలు చెప్పింది. మొదటి రెండు నిమిషాలు గొంతు తడబడింది, తర్వాత తడబడలేదు. ఉద్యోగం వచ్చింది. చేరిన రోజున ఆ కళ్లద్దాల ఆయన, "మేడమ్, మీ ఇంట్లో ఆ పెద్దావిడ మగ్గం బొట్టు సంగతి విడమరిచి చెప్పిన తీరు చూశాక, మీ క్లాసు సగం వింటే చాలనిపించింది" అన్నాడట. నా గురించి కూడా అడిగాడట. ఏమడిగాడో అక్క చెప్పలేదు, నేను గుచ్చి అడగలేదు. గుచ్చడం మానేశాను.

కాబట్టి పాఠకుల సమక్షంలో నా శపథం. ఇకమీదట బాగుచేయడానికి వెళ్లిన ఏ ఇంట్లోనూ దుమ్ము అనే మాట ఉచ్చరించను, ఆ ఇంట్లో ఇసుక తుపాను వీస్తున్నా సరే. అగరుబత్తిని దేవుడి ముందు తప్ప మరెక్కడా గుచ్చను. యంత్రం మూగబోయినంత మాత్రాన చెవిటిది కూడా అయిందని నమ్మను. ఎవరైనా తెర మీదినుంచి రెండు చేతులూ ఊపితే, తిరిగి ఊపే ముందు నోరు మూసుకుంటాను.