మూడు ముక్కల దారం

కాశిబుగ్గలో మొగిలమ్మ ఇల్లెక్కడని అడిగితే చెప్పేవాళ్లు తక్కువ. పియ్యి డబ్బాల మొగిలమ్మ అంటే మాత్రం ఇంటిదాకా దిగబెట్టి వస్తారు. ఆ పేరంటే ఆమెకు సిగ్గేమీ లేదు. పిల్లల దవాఖానలో ఆమె పనే అది. విరేచనాలతో, దగ్గుతో వచ్చిన పిల్లల మలం డబ్బాలోనూ, గొంతులో పుల్ల తిప్పి తీసిన తడిని ట్యూబులోనూ పెట్టి ల్యాబుకు చేర్చాలి. వాటిలో పేగుల్లో, గొంతులో పెరిగే ఎంటెరోవైరస్ ఉందా, ఉంటే ఏ రకం, దాని జన్యువులు ఎంత మారాయన్నది డాక్టర్ స్నేహలత చూస్తుంది. రకాలు వందకు పైనే ఉన్నాయి. అన్నిటికీ ఇంటిపేరు ఒకటే, గుణాలు వేరని మొగిలమ్మ నవ్వేది.

ల్యాబు పెద్ద రాజేశ్వర్ రావు నంబర్ల స్టిక్కర్లు తెప్పించాడు. ఐసుపెట్టెలో తడి తగలగానే అవి ఊడి అడుగున ఈదేవి. ఆ సంగతి చెబితే అంటించడం రాదా అని కసిరాడు. మొగిలమ్మ వాళ్లది జంపఖానాలు నేసే ఇల్లు, రంగు నూలు ముక్కలకు కొదవ లేదు. ఒక్కో బిడ్డకు ఒక్కో రంగుల జోడీ పేని, ఆ పోగును మూడు ముక్కలు చేసేది. ఒకటి ట్యూబుకు, ఒకటి డబ్బాకు, మూడోది బిడ్డ మొలదారానికి. ఇది ల్యాబా, రాఖీల దుకాణమా అని రావుగారు వెక్కిరించాడు.

ఒకరోజు తొర్రూరు వైపు పిల్లవాడు భరత్ రిపోర్టు వచ్చింది. గొంతులో ఒక రకం, మలంలో ఇంకో రకం. ఒక్క పిల్లవాడికి రెండెక్కడివి, ఈమె డబ్బాలు కలిపేసిందని రావుగారు తేల్చేశాడు. పనిలోంచి తీసేయమని కాంట్రాక్టరుకు ఉత్తరం రాయించాడు. ఆ జీతం పోతే మగ్గం ఒక్కదానితో ఇల్లు గడవదు. అంతకన్నా, పదేళ్లు చేసిన పనిని అబద్ధమన్నందుకు ఆమెకు ఒళ్లు మండింది. రాస్తుంటే నాకూ మండుతోంది.

మొగిలమ్మ నేరుగా స్నేహలత దగ్గరికి వెళ్లింది. "గా పిలగాన్ని జర పిలిపియ్యున్రి మేడం. మొలదారం సూస్తె తెలుస్తది."

కట్టి పదిరోజులైంది, మొదటి స్నానానికే మోరీలో పోయుంటుందని రావుగారు నవ్వాడు. మొగిలమ్మకూ లోపల ఆ భయం ఉంది.

నాయనమ్మ కట్టమ్మ పిల్లవాడిని తీసుకొచ్చి చొక్కా ఎత్తింది. దారం ఉంది. పైగా దానికి పసుపు పూసి ఉంది.

"దవాఖానల కట్టిన తాయెత్తు గదా మేడం, తియ్యలే. కట్టినంకనే జెరం దిగింది," అంది కట్టమ్మ.

స్నేహలత ఫ్రీజరులోంచి ట్యూబునూ డబ్బానూ తెచ్చి పక్కన పెట్టింది. మూడూ ఎరుపు, నీలం పేనిన ఒకే పోగు. పిల్లవాడి దగ్గర మళ్లీ నమూనాలు తీస్తే మళ్లీ అవే రెండు రకాలు వచ్చాయి. ఒకే ఒంట్లో రెండూ ఒకేసారి ఉండొచ్చని ఆమె అందరికీ వివరించింది. రావుగారు ఉత్తరాన్ని పంపకుండా సొరుగులో పెట్టుకున్నాడు. తప్పయిందన్న మాట మాత్రం ఆయన నోట రాలేదు.

నెల తిరగకుండానే ఆయన దగ్గుతున్న మనవరాలిని ఎత్తుకుని దవాఖానలో మొగిలమ్మ నమూనాలు తీసుకునే కిటికీ ముందు నిలబడ్డాడు. చేతిలో డబ్బా. దాని మీది స్టిక్కరు అప్పటికే ఒక మూల లేచింది. మొగిలమ్మ రెండు రంగులు పేని పోగు తుంచింది.

"పాపకు జర గట్టిగ కట్టు, మొగిలమ్మా."

"తాయెత్తు గాదు సార్. ఉత్త దారమే."

"తెలుసు," అన్నాడాయన. "గట్టిగ కట్టు."