ఏ పెట్టెలో వేసినా లేచేది

మొన్న మా అమ్మాయి కొత్త టీవీ కొనుక్కొచ్చి, తన ఫోనులో ఉన్న సిస్టమే ఇందులోనూ ఉందనీ, చేతి గడియారంలోనూ అదేననీ మురిసిపోతూ చెబుతుంటే, మావారు నా వైపు చూసి కనుబొమలెగరేశారు. ఆ చూపేమిటో దానికి తెలియదు. తొంభైల చివర బొల్లారం మందుల ఫ్యాక్టరీలకు కంపెనీ బస్సెక్కి వెళ్లిన మీబోటివాళ్లకైతే చెప్పుకోవచ్చు.

అప్పటికి మాకు పెళ్లి కాలేదు. నాన్న ఉద్యోగం కోసం గోదావరి వైపు నుంచి వచ్చి పటాన్‌చెరులో స్థిరపడిన కుటుంబం మాది. ఆయనది జిన్నారం, వ్యవసాయం చేసుకునే ఇల్లు. ఇద్దరం ఒకే ఫ్యాక్టరీలో, ఒకే కంప్యూటర్ గదిలో పనిచేసేవాళ్లం. ఒక్కో ఏడు కొన్నది ఒక్కో రకం కావడంతో అక్కడ ఏ రెండు కంప్యూటర్లకీ పొత్తు కుదిరేది కాదు. అన్నిట్లోనూ ఉచితంగా దొరికే లినక్స్ అనే సిస్టం వేద్దామని ఆయన; ఇప్పుడు మా అమ్మాయి మురిసిపోతున్నవాటి అడుగున ఉన్నదీ అదే. డ్రమ్ములకు అంటించే లేబుళ్లు అచ్చువేసే నా కంప్యూటర్‌నీ, దానికోసమే తయారైన దాని సిస్టంనీ ముట్టుకోనివ్వనని నేను.

"ఏ డబ్బాల ఏసినా లేస్తది మేడం, గంతకన్న ఇంకేం గావాలె?" అనేవారు.

"లేస్తే చాలాండీ, పని చెయ్యొద్దూ?" అనేదాన్ని.

ఒక మధ్యాహ్నం, గేటు దగ్గర లారీ సిద్ధంగా ఉండగా, నా కంప్యూటర్ కన్ను మూసింది. ఆ గాలిలోని ఆమ్లపు ఆవిరి లోపలి బోర్డును తినేసిందట. దాని సిస్టమా, ఇంకే పెట్టెలోనూ లేవదాయె. లేబుల్ లేనిదే డ్రమ్ము కదలదు. మేనేజరుగారు గదికీ గేటుకీ మధ్య చెమటలు తుడుచుకుంటూ తిరుగుతున్నారు. కాబోయే మావారు మాత్రం నన్నొక్క మాటా అనకుండా, మూలన పడేసిన పాత కంప్యూటర్‌ను దులిపి లినక్స్‌తో లేపారు. లేచింది గానీ, ప్రింటర్ లేబుళ్ల నిండా పిచ్చిగీతలు గీసి ఊరుకుంది. దాని నాడి నాకు తెలుసు కనుక, పక్కన కూర్చుని ఏమేం మార్చాలో నేను చెబుతుంటే ఆయన మారుస్తూ పోయారు. సాయంత్రం షిఫ్టు బస్సు వచ్చేలోగా లేబుళ్లు తిన్నగా వచ్చాయి, లారీ కదిలింది.

"గీ పాత డబ్బా మీద నడ్పకపోతే, లినక్స్‌ల గీ లోపమున్నదనే తెల్వకపోవు," అన్నారాయన.

"తెలిస్తే సరా? సరిదిద్దే మనిషుండాలిగా!"

"ఉన్నరు గద," అని, కుర్చీ వెనక్కి జరిపి లేస్తూ, "మీ నాయినతోని జెర మాట్లాడాల్నని ఉన్నది," అన్నారు.

మా నాన్నకు ప్రింటర్ల సంగతేం తెలుసండీ, అన్నాను. అంత తెలివి నాది!

రకరకాల యంత్రాల మీద నడిస్తే సిస్టం గొప్పదవుతుందా అన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. నడిచిన ప్రతిచోటా ఒక కొత్త లోపం బయటపడుతుందనీ, ఎవరో ఒకరు ఓపిగ్గా సరిచేస్తేనే అది మెరుగవుతుందనీ మాత్రం ఇద్దరం ఒప్పుకుంటాం. ఇప్పుడీ ఫోన్లూ టీవీలూ వాటంతటవే బాగుచేసుకుంటున్నాయి, హాయిగానే ఉంది. కానీ ఒకే తెర ముందు ఇద్దరు తలలు దగ్గరపెట్టి పోట్లాడుకోవలసిన పని ఈ కాలం పిల్లలకు లేకుండా పోయిందే అని, ఎందుకో జాలేస్తుంది.