పక్కింటి ఆవులకు సూది

గాలికుంటు వైరస్ ఊరుకోదు, వేషం మారుస్తూనే ఉంటుంది, అందుకే ఆవులకు ఆరు నెలలకోసారి సూది వేయించాలని రాయకోటలో పశువుల డాక్టరు చెప్పాడు. మా పక్కింటాయన వింటేగా! "పోయినేడు ఏసినారు కదప్పా, మళ్ళా ఏస్తే రెండు దినాలు పాలు తగ్గిపోతాయి," అని తన ఆవుల్ని మామిడితోపులో దాచేశాడు. ఆ జబ్బు వాటికి వచ్చి మా కొట్టానికీ పాకింది. సూది వేసే వయసు కూడా రాని నా దూడ తల్లి పొదుగు దగ్గరే కూలి చచ్చిపోయింది.

అప్పటినుంచి ప్రతిసారీ డాక్టరును ముందు వాళ్ళింటికే తీసుకుపోయాను. కాదనడానికి ఆయనకు మొహం చెల్లలేదు. ముకుతాడు నేనే పట్టుకునేవాణ్ణి. మర్నాడు పాలకేంద్రంలో ఆయన వెనకే నిలబడి, "ఏమప్పా, తగ్గినాయా?" అని అడిగేవాణ్ణి. తగ్గిన పాలన్నీ నా దూడ తాగిందనుకునేవాణ్ణి.