రోలుకు ఒడిబియ్యం

మా వీధికి సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ మా ఇల్లు ఒక మెట్టు కిందికి దిగింది. నిజానికి ఇల్లు దిగలేదు, రోడ్డే పైకెక్కింది. కిందటి వానాకాలం నీళ్లు వంటింట్లోకి వచ్చి చాటలు తేలాయి. ఇక లాభం లేదని, తరిగొప్పులలోని ఈ పెంకుటింటి కప్పు విప్పించి, నేల అడుగున్నర లేపించే పని పెట్టుకున్నాను. ఇంట్లో ఉండేది నేను, నా బిడ్డ, నన్ను కన్న అవ్వ. కూలగొట్టి డాబా వేసుకొమ్మని జనగామ బస్సులో సలహా ఇచ్చిన వాళ్లందరికీ ఒకటే మాట చెప్పాను: నా ఇల్లు, నా ఇష్టం.

అంత గొప్పగా చెప్పినదాన్ని, రోలు దగ్గర తొందరపడ్డాను.

వంటింటి మూలలో నేలలోకి పాతిన రోలు అది. అంచు మాత్రమే పైకి కనిపిస్తుంది. ఈ ఇంట్లో ఎవరి పెళ్లయినా మొదటి పసుపుకొమ్ములు దంచింది అందులోనే.

"పాత రాయి అక్కా, కదిలిస్తే పల్గుతది. మట్టిల పూడ్చేద్దాం" అన్నాడు మేస్త్రి. మిక్సీ ఉంది కదా అని సరేనన్నాను.

మర్నాడు పొద్దున మట్టి ట్రాక్టరు వచ్చేసరికి అవ్వ రోలు ముందు కూర్చుని ఉంది. కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టింది. కొత్త రవికెగుడ్డ పరిచి, అందులో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, వక్కలు పోస్తోంది. పెళ్లయిన ఆడబిడ్డను సాగనంపేటప్పుడు ఒడిలో పోసే బియ్యం అవి.

"ఏందవ్వా గిది?"

"ఇంట్ల నుంచి పోతున్నది గద బిడ్డా. ఉత్తగ పంపుతమా?"

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నేనూ ఒక మాట అనేదాన్ని. సిగ్గేసింది. బయటికెళ్లి ట్రాక్టరు ఆపించాను. పగిలితే పూచీ నాది, లేపండని మేస్త్రికి గట్టిగానే చెప్పాను.

బియ్యం మూటగట్టి పక్కన పెట్టి, చుట్టూ తవ్వి, మోకులు కట్టి నలుగురు లేపారు. రోలు పగల్లేదు. దాని కింద ఒకదానిమీద ఒకటి రెండు చదును బండలు కనిపించాయి.

"మీ నాయినమ్మ పెట్టింది" అంది అవ్వ. "నేను కాపురానికొచ్చిన ఏడు నేల ఎత్తు చేసినప్పుడు గిట్లనే లేపింది. బండలు మోసింది నేనే."

"మరి ముందే చెప్పొద్దా?"

"నా ఇల్లు నా ఇష్టమంటివి గద."

గుంతలో మట్టి పోయించి గట్టిగా దిమ్మిస కొట్టించి, పాత బండల మీదికి పెరట్లోంచి మూడో బండ నేనే మోసుకొచ్చాను. నడుం రెండు రోజులు నొప్పి పెట్టింది. రోలు అంచు కొత్త నేలకు సరిగ్గా సమానమైంది. ఆ మేస్త్రే రెండుసార్లు మట్టం పెట్టి చూసి మురిసిపోయాడు.

పోసిన ఒడిబియ్యం వెనక్కి తీసుకోరు. ఆడబిడ్డ ఇంట్లో వండి నలుగురికీ పెట్టాలి. మా రోలు ఇల్లు ఇదే కాబట్టి, పాలు పొంగించిన రోజు ఆ బియ్యమే వండి, రోలు లేపిన నలుగురికీ ముందుగా వడ్డించాం. దంతాలపల్లి నుంచి వచ్చిన చుట్టాలకు టైల్స్ కంటే ముందు రోలే చూపించాను. ఇప్పటికీ ఎవరొచ్చినా అంతే. గర్వం అనుకుంటే అనుకోనీ.

పాలు పొంగించిన ఆ సాయంత్రం నా బిడ్డ రోలు అంచు తడుముతూ, రోడ్డు మళ్లీ ఎత్తు చేస్తే ఎలాగని అడిగింది.

"నాలుగో బండ నువ్వు మొయ్యాలె" అంది అవ్వ.