నాలుగో నెంబరు సీసా

ముప్పై ఏళ్లు పైబడింది, ఒక సీసా నా గుండెల మీదెక్కి కూర్చుని. చిన్న సీసాయే. అయినా దిగదు. ఇంట్లోవాళ్లకి చెబితే నవ్వుతారు. మా డాక్టరుగారికి చెబితే ఆయన ఏమైపోతారో తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కదా, అదే ధైర్యం.

మాది కోనసీమ. కువైట్‌లో ఒక ఆసుపత్రి ప్రయోగశాలలో సీసాలు కడిగేవాణ్ణి. మా డాక్టరుగారిది కడప. ఎమ్మారై తీసేముందు రోగికి తాగిస్తే, పొట్ట లోపలి భాగాలు ఫొటోలో తెల్లగా వెలగాలి. అలాంటి మందు కనిపెట్టాలని ఆయన తపన. మ్యాంగనీస్ అనే లోహపు లవణం, రుచికి నిమ్మ ఉప్పు, ఇంకా ఏవేవో కలిపి ఆరు రకాలు తయారుచేసి, నెంబర్లు వేసిన ఆరు సీసాల్లో పోశారు. గోధుమరంగులో పుల్లపుల్లగా ఉండేది. ముందు తనే తాగి చూసేవారు.

ఇంతలో ఇరాక్ సైన్యం వచ్చిపడింది. ఆసుపత్రిలో యంత్రాలు విప్పి లారీలకెక్కించడం మొదలుపెట్టారు. డాక్టరుగారు ఆరు సీసాలూ నా చేతిలో పెట్టి, రిగ్గైలోని మా గదిలో దాచమన్నారు. ఆయన నాలుగేళ్ల కష్టాన్ని తీసుకెళ్లి బియ్యం బస్తాలో దాచాను.

గదిలో ఎనిమిది మందిమి, అందరం గోదావరివాళ్లమే. బియ్యం ఉంది, పప్పుంది. చింతపండు ఖలాస్. పులుసు లేదు, చారు లేదు. నిజం చెప్పొద్దూ, తుపాకుల కంటే ఆ చప్పిడి పప్పే నన్ను ఎక్కువ ఏడిపించింది. బియ్యం తీసినప్పుడల్లా నాలుగో నెంబరు సీసా చేతికి తగిలేది. ఒక్క చెంచాయే కదా అనుకున్నాను. డాక్టరుగారే తాగారు కదా అనుకున్నాను. ఆ రోజు చారుకి గదంతా లొట్టలేసింది. చింతపండు ఎక్కడిదని అడిగితే, రుమైథియాలో ఇంటిపని చేసే మా పిన్ని పంపిందన్నాను. పది రోజుల్లో సీసా ఖాళీ.

సరిగ్గా అప్పుడే కబురొచ్చింది. బస్సు దొరికింది, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ వెళ్లిపోదాం, యల్లా, పదపద అని. ఏం చేయను? పాలు లేకుండా టీ డికాషన్ చిక్కగా మరిగించి, వేడివేడిగా సీసాలో పోసి మూత బిగించాను. అచ్చం అదే రంగు. ఎడారి కుదుపుల్లో ఆయన ఆ సీసాల సంచిని ఒళ్లో పెట్టుకుని పసిబిడ్డలా పొదివి పట్టుకున్నారు. నేను కిటికీలోంచి ఇసకని చూస్తూ కూర్చున్నాను.

మద్రాసులో ఎమ్మారై ఉన్న చోట పరీక్ష చేయించారు. సాయానికి నన్నూ తీసుకెళ్లారు. ఇవాళ దొరికిపోతాను, పీడా వదులుతుంది అనుకున్నాను. తీరా చూస్తే ఆరింట్లో నాలుగోదే తెల్లగా వెలిగిపోతోంది! ఆ లోహం తేయాకులోనూ పుష్కలంగా ఉంటుందని చాలా ఏళ్ల తర్వాత పత్రికలో చదివాను.

“చూడు నాయనా, ఎట్లా వెలుగుతాందో. సీసా ఏమన్నా తెరిచినావా నువ్వు?”

“లేదండి. మీరిచ్చింది ఇచ్చినట్టే ఉందండి.”

“నిన్ను నమ్మినందుకు నా చదువు బతికింది.”

మిగతా అయిదూ పక్కనపడేశారు. నాలుగోదాన్ని మళ్లీ తయారుచేయాలని ఉద్యోగకాలమంతా ధారపోశారు. ఎన్నిసార్లు కలిపినా ఆ వెలుగు రాలేదు. లోపం తన చేతిలోనే ఉందనుకున్నారు, పాపం. ఇంతవరకూ నవ్వుకుంటూ రాశాను గానీ, ఇక్కడ నాకు నవ్వు రాదు. ఎందుకు చెప్పలేదు? మొదట్లో భయం. తర్వాత ఆయన సంతోషం చూసి నోరు రాలేదు. ఆ తర్వాత, ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదురా అని అడిగితే ఏం చెప్పాలో తెలియక చెప్పలేదు. ఇది పిరికితనం కాకపోతే ఇంకేమిటి?

పోయిన నెల మా ఇంటికొచ్చారు. ఎనభై దాటాయి. పాలు పడవని మా ఆవిడ ఉత్త డికాషనే ఇచ్చింది. గ్లాసు వెలుతురులోకి ఎత్తి, ఇదే రంగుండేది అన్నారు. రెండు గుక్కలు తాగి, ప్రాణం పోయేలోగా ఇంకొక్కసారి కలిపి చూస్తానన్నారు. నేను ఆయన గ్లాసులో ఇంకాస్త పోశాను.

నోటిదాకా వచ్చింది, మింగేశాను. మీకు రాసేశాను గనక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. పూర్తిగా రాసేస్తాను. నాలుగో నెంబరు అంటే రెండు గ్లాసుల నీళ్లు, ఆరు చెంచాల టీపొడి. సగానికి మరగాలి. పంచదార ఆ రోజు గదిలో లేదు.