మామ అడగని చుట్టరికం

మా మేనమామ నల్లగొండ గ్రంథాలయంల పనిచేసిండు. పుస్తకాలు ఇంటికిచ్చే కాడ కాదు, వెనుక గదిల. పాత పేపర్లు, నిఘంటువులు, గెజిట్లు అన్నీ ఆ గదిలనే ఉండేవి. అవి బయటికియ్యరు. ఎవలకన్న ఏదన్న తెల్వాలంటే వచ్చి మామను అడగాలె, మామ వెతికి చూపియ్యాలె. ఆయన కొలువంతా ఆ ఒక్క గదిలనే గడిచింది.

తెలంగాణ వచ్చిన కొత్తల్ల ఆ గది నిండ పరీక్షలకు చదివే పిల్లలే ఉంటుండె. కుర్చీలు చాలక కిటికీల మీద గూడ కూసునేటోళ్ళు. వాళ్ళ నడుమ నుంచి ఎవలో ఒక ముసలాయన తలపాగ సర్దుకుంట మామ బల్ల కాడికి వచ్చేటోడు. "సారూ, మా తాత తమ్ముడు మేస్త్రి ఎంబడి డ్యాం పనికి పోయి మళ్ళ రాలే. ఆయన పిల్లలు యాడున్నరో జర దేవులాడుతవా?" అనేటోడు.

దేవులాడేది మామకు ఇష్టం. పాలమూరు దిక్కు నుంచి కూలికి పోయి చెదిరిపోయిన కుటుంబాలు ఎన్నో. ఆదివారమొస్తే బస్సెక్కి ఊర్లు తిరిగేటోడు. మా నేతోళ్ళకు వంశం చెప్పేటోళ్ళు తిరుమలగిరి దిక్కు ఉన్నరంటే పోయి వాళ్ళ ముందట కూసోని వినేటోడు. ఒకసారి అన్నదమ్ముల పిల్లలను మామనే కలిపిండు. వాళ్ళు గ్రంథాలయం మెట్ల మీద ఒకలనొకలు పట్టుకొని ఏడ్చిన్రు. నేను చూసిన. మామకు పిల్లలు లేరు. అత్త తొందరగనే పోయింది. నేను, మా చెల్లె, మేమే ఆయన పిల్లలం.

చెల్లెను అమ్మమ్మ ఊరు దేవరకొండలనే ఇచ్చినం. మొదటి కాన్పు. నెలలు ఇంక నిండలే, రక్తం పోవుడు మొదలైంది. పట్నం తీస్కపోయినం. మాయ కిందికి ఉన్నదని, ఆపరేషన్ చెయ్యాలని, ముందుగాల రక్తం సిద్ధం చేసుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. ఓ గ్రూపే గదా అని మేం ఫికర్ చెయ్యలే. తెచ్చిన ఒక్క సీసా రక్తం గూడ చెల్లె రక్తంతోని కలవలే. ఆఖరుకు చెప్పిండ్రు, అది ఓ కాదు, బాంబే గ్రూపు అని.

"బొంబాయి పోతే దొరుకుతదా మేడం? నేను ఇప్పుడే పోత," అన్నడు మా మరిది, చెల్లె మొగడు. ఎవ్వలం నవ్వలే. దొరుకుడు శానా కష్టమని, చుట్టాలల్లనే ఉండొచ్చని, ముందుగాల ఇంటోళ్ళందరు చూపించుకోవాలని ఆమె చెప్పింది.

అందరం చేతులు చాపినం. నాది కలవలే. అమ్మది కలవలే, నాయినది కలవలే, మామది కలవలే. మా అమ్మమ్మది కలిసింది.

అమ్మమ్మ అప్పటికే నడుం వంగిపోయి ఉన్నది. చేతి మీద నరాలు తప్ప కండ లేదు. "తీసుకోండ్రి, ఇంక నాకేం పని దీంతోని," అని చెయ్యి చాపి పట్టుకున్నది. డాక్టరమ్మ ఆ చేతిని మెల్లగ కిందికి దించింది. "నీ రక్తం తీస్తే నువ్వే పోతవమ్మా. నీ తోడబుట్టినోళ్ళు, వాళ్ళ పిల్లలు ఎవలన్న ఉన్నరా?"

"ఎవ్వలు లేరు. నేనొక్కదాన్నే."

మామ తలెత్తి చూసిండు. తర్వాత నాకు చెప్పిండు. ఆయన చిన్నగున్నప్పుడు వంశం చెప్పేటాయన ఇంటికొచ్చి అమ్మమ్మ పుట్టింట్ల ఇద్దరాడివిల్లలని పాడబోతుంటె, అమ్మమ్మ నడుమనే ఆపి, చాటెడు బియ్యం పోసి పంపించిందట. ఎందుకని మామ అడగలే. పెద్దగైనంక గూడ అడగలే.

వరండల బెంచి మీద అమ్మమ్మ పక్కన కూసున్నడు. "అమ్మా, నీకో చెల్లె ఉండె గదా?"

"లేదు."

"అమ్మా, లోపల పిల్ల పోతాంది."

అమ్మమ్మ కొంగు నోట్ల కుక్కుకున్నది. మళ్ళ తీసి చెప్పింది. "వేరే కులపోనితోని పోయింది. మా నాయిన బతికుండంగనే దానికి దినాలు చేసిండు. అచ్చంపేట దిక్కు అన్నరు. గంతే తెల్సు."

మేం పొద్దటి బస్సుకే బయలెల్లినం, మామ, నేను. దారిల మరిది ఫోన్ చేసిండు. మళ్ళ రక్తం పోతాందని, ఇంక ఎక్కువ ఆగలేమంటున్నరని. కల్వకుర్తి దాటిందాక మామ ముందటి సీటు కడ్డీ పట్టుకొని కూసున్నడు.

ఆ పూట అచ్చంపేటల అంగడి. మామకు ఆమె పేరొక్కటే తెల్సు. అది అడిగితే ఎవ్వలకు తెల్వదు. ఎన్నడో లేచిపోయొచ్చినామె అంటే మొకం తిప్పుకున్నరు. మిరపకాయలమ్మే ముసలామె కాడ మామ నిలబడి ఇంకో తీరుగ అడిగిండు. "దేవరకొండ నుంచి వచ్చిన ముసలామె ఎవలన్న ఉండెనా అమ్మా ఈడ?"

"దేవరకొండామెనా? ఆమె పోయి నాలుగైదేండ్లాయె గద. కొడుకున్నడు, అడివి అంచుకున్న ఊర్ల," అన్నది.

ఆటో మాట్లాడుకొని పోయినం. రేకుల ఇల్లు, ముందట పత్తి. ఒకామె గడపల నిలబడ్డది, మామ కంటె ఈడుల చిన్నది. మామ ఎవలమో చెప్పిండు. ఎందుకొచ్చినమో చెప్పిండు. ఆమె లోపలికి రమ్మనలే.

"దేవరకొండామె నాకు అమ్మమ్మ. అత్త గూడ ఆమెనే, నన్ను మా మేనమామకే ఇచ్చిండ్రు. బయట ఎవలు చేసుకుంటరు మా ఇంట్ల? మా అమ్మమ్మ మంచాన పడ్డప్పుడు అక్కను ఒక్కసారి చూస్తనన్నది. మా ఆయన దేవరకొండ వచ్చిండు. మీ అమ్మ తలుపు తియ్యలే. ఇయ్యాల మీకు రక్తం కావాల్సొస్తే మేం గుర్తుకొచ్చినమా?"

మామకు ఆ సంగతి తెల్వదు. నిలబడ్డ జాగలనే మట్టిల కూసున్నడు. "నాకు తెల్వదు బిడ్డా," అన్నడు.   నేనే ఆమె కాళ్ళు పట్టుకున్న. ఆమె కాళ్ళు వెనుకకు తీసుకున్నది.

అప్పుడే ఆమె కొడుకు చేను నుంచి వచ్చిండు, మందు కొట్టే డబ్బ వీపు మీదున్నది. ముప్పై ఏండ్లుంటయి. సంగతేందని తల్లిని అడిగిండు, నన్ను అడిగిండు. డబ్బ దించి చేతులు కడుక్కున్నడు. మామ భుజం పట్టి, "లే పెదనాయినా, పోదం," అన్నడు.

తల్లి లోపలికి పోయింది. ఇంక రాదనుకున్న. పళ్ళెంల అన్నం పెట్టుకొచ్చి కొడుకు ముందట పెట్టింది. "తిని పో. ఖాళీ కడుపుతోని ఇయ్యొద్దంట."

చేను కాడున్న తండ్రి గూడ మాతోని వచ్చిండు. పట్నంల ఇద్దరికి చూసిండ్రు. తండ్రిది కలవలే, కొడుకుది కలిసింది. ఆ ఒక్క సీసతోనే చెల్లెను ఆపరేషన్‌కు తీస్కపోయిండ్రు. చెల్లె బతికింది. బిడ్డ బతకలే. ఆడివిల్ల. కడుపుల ఉండంగనే గుండె ఆగిందన్నరు. తెల్లబట్టల చుట్టి మరిది చేతికిచ్చిండ్రు. ఎట్ల పట్టుకోవాలనో ఆయనకు తెల్వలే.

పోయే ముందట ఆ పిల్లగాడు అమ్మమ్మ కాడికి వచ్చిండు. అమ్మమ్మ వాని మొకం తడిమి చూసింది. "మీ నాయినమ్మ నన్ను ఎన్నడన్న తలిచిందా?"

"తిట్టేది. పండుగొస్తే ఎక్కువ తిట్టేది," అన్నడు వాడు. అబద్ధం చెప్పాలనిపియ్యలేదేమో. అమ్మమ్మ తలూపింది. ఆ తర్వాత ఎక్కువ దినాలు బతకలే.

మామ ఆమెతోని సరిగ మాట్లాడనే లేదు. ఆమె పోయినంక ఇంత గూడ తినకుంట పడుకునేటోడు. "ఊరోళ్ళందరి ముసలోళ్ళను అడిగిన. మా అమ్మను అడగలే. అడిగుంటే వాళ్ళు మన ఇంటికి వచ్చిపోయేటోళ్ళు, రక్తం ముందే దొరికేది, బిడ్డ బతికేది," అనేటోడు. బిడ్డ బతికేదో లేదో డాక్టరే చెప్పలేదు మామా అని నేనంటే ఇనకపోయేటోడు. రిటైరైనంక ఎవలకు వంశం వెతికిపెట్టలే. అచ్చంపేటకు మాత్రం పోయొచ్చేటోడు. మొదట్ల ఆ పిల్లగాని తల్లి గడప బయటనే చాయ ఇచ్చేది. తర్వాత లోపలికి పిలిచిందట. ఆ మాట చెప్పినప్పుడు గూడ మామ నవ్వలే.

పోయిన ఎండకాలం మామ గుండె ఆగింది. అచ్చంపేటోళ్ళు జీపు కట్టుకొని వచ్చిండ్రు. కొడుకు లేడు గనుక వరసకు తమ్ముని కొడుకు, చెల్లెకు రక్తమిచ్చిన ఆయననే తలకొరివి పెట్టాలని నేనన్న. కులపెద్దలు ఇద్దరు ముగ్గురు అడ్డమొచ్చిండ్రు. వేరే కులపోడు కుండ ఎట్ల పడుతడని.

చెల్లె బిడ్డ పోయిననాటి నుంచి నలుగురిల నోరు తెరవలే. ఇంకో కాన్పు వద్దన్నరు ఆమెకు. అట్లాంటిది ముందటికొచ్చి నిలబడ్డది. "నేను బతికింది ఆయన రక్తంతోని. నన్ను గూడ వెళ్ళగొట్టుండ్రి మరి," అన్నది. 

కులపెద్దలు పక్కకు జరిగిండ్రు. ఆయన కుండ భుజానికెత్తుకున్నడు. కాటిదాక చెల్లె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని పక్కపొంటనే నడిచింది. ఆడోళ్ళు రావద్దని ఎవలో వెనుక నుంచి అంటుండె. ఆమె తిరిగి చూడలే.